కార్తీకంలో రెండు రోజుల రాజమహేంద్రవరం: తిన్నవి, చూసినవి, అందనివి

కొవ్వూరు దాటిన రైలు గోదావరి మీదికి రాగానే, అంతవరకు ముసుగుతన్ని పడుకున్నవాళ్ళు సైతం లేచి కిటికీల వైపు జరగడం, ఎవరో ఒకరు నీళ్ళలోకి నాణెం విసిరి దణ్ణం పెట్టుకోవడం, సామాను సర్దుకోవడం ఆ తరువాతే మొదలుకావడం నేను చిన్నప్పటినుంచి చూస్తున్నాను. ఈసారి మేము ఎక్కినది ఏసీ పెట్టె కావడంతో అద్దాలు తెరుచుకోలేదు. నా భార్య ముందురోజే పర్సులో విడిగా దాచుకున్న రూపాయి బిళ్ళ ఆమె చేతిలోనే ఉండిపోయింది. తెల్లవారుతున్న మసక వెలుతురులో నది మీది పాత వంతెనలు లీలగా కనిపించాయి. 1900లో ప్రారంభమై 1997లో రైళ్ళకు సెలవిచ్చిన హేవలాక్ వంతెన, పైన బస్సులూ కింద రైళ్ళూ నడిచే 1974 నాటి వంతెన, హేవలాక్ బరువును తన మీద వేసుకున్న విల్లుల వంతెన, ఈ మూడింటినీ చూస్తే ఊరి వయసు కొంత తెలుస్తుంది.

హైదరాబాదు నుంచి రెండు రోజుల సెలవు చేసుకుని, కార్తీకమాసం చివరి వారంలో రాజమహేంద్రవరం వెళ్ళాము. ప్రభుత్వ కాగితాలలో ఈ పేరు స్థిరపడి దాదాపు పదేళ్ళవుతున్నా, ఆటో ఎక్కినవాడు మొదలు కాఫీ అమ్మేవాడి దాకా అందరి నోటా రాజమండ్రి అనే మాటే వినిపించింది. వెళ్ళేముందు తెలిసినవారందరూ తలా ఒక జాబితా ఇచ్చారు. జాబితాలో ఉన్నవాటిలో సగం ఆ నెలలో దొరకనివని, మిగిలిన సగంలో కొన్ని ఆ గంటకు కాక మరో గంటకు వెళ్తే రుచించనివని అక్కడికి చేరాకే అర్థమైంది. ఈ ఊరి తిండికీ, చూడవలసిన చోట్లకూ వేటి వేళ వాటికుంది. మాకు వేళ కుదిరినవాటి గురించి, కుదరనివాటి గురించి కూడా ఇక్కడ వ్రాస్తున్నాను.

బస సంగతి త్వరగా ముగిస్తాను. గోదావరి కనిపించే గది అని చెప్పి మామూలు గది కంటే ఎక్కువ అద్దె తీసుకున్న ఆ లాడ్జి పేరు వ్రాయను. రెండు డాబాల నీళ్ళ ట్యాంకుల నడుమ చారెడు నది కనిపించిన మాట వాస్తవమే కాబట్టి వాళ్ళు అబద్ధమాడారని కూడా అనలేను. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు అడిగిన వెంటనే వచ్చాయి. నది చూడాలనుకునేవారు గది కోసం అదనంగా ఖర్చు పెట్టనవసరం లేదు, ఊళ్ళో ఎక్కడ దిగినా రేవు దగ్గరే.

మొదటి ఉదయం పెసరట్టుతో మొదలైంది. హైదరాబాదులో ఎమ్మెల్యే పెసరట్టు అని గొప్పగా పిలుచుకునేది ఇక్కడ ఉప్మా పెసరట్టు మాత్రమే. ముడిపెసలు పొట్టుతోనే రుబ్బిన పిండి కావడంతో అట్టుకు పచ్చని రంగూ, అంచున కరకరా వచ్చాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం ముక్కలు పెనం మీదే అట్టుకు అంటుకుని వేగాయి. లోపలి ఉప్మా జారుగా ఉండడం కొందరికి నచ్చకపోవచ్చు, కాని పెసరట్టు పొడిగా ఉండే పదార్థం కనుక లోపలిది కొంత జారుగా ఉండడమే న్యాయమని నా అభిప్రాయం. అల్లం పచ్చడిలో బెల్లం పాలు ఎక్కువ. రెండోసారి కారం తగిలే కొబ్బరి పచ్చడి అడిగి వేయించుకున్నాము. ఏడున్నర గంటలకు వెళ్ళినందున పెనం మీది నుంచి నేరుగా విస్తట్లోకి వచ్చింది. మరునాడు అదే చోటికి తొమ్మిదిన్నర దాటాక వెళ్తే ముందే పోసి దొంతరగా పేర్చిన అట్లు పెట్టారు. అదే పిండి, అదే చేయి, కాని అంచు మెత్తబడిపోయింది.

అక్కడినుంచి కందుకూరి వీరేశలింగం పంతులు నివసించిన ఇంటికి వెళ్ళాము. పాతకాలపు పెంకుటింటి అమరిక, చిన్న గదులు, ఆయన జీవితానికి సంబంధించిన వస్తువులు, చిత్రాలు శ్రద్ధగా చూస్తే ముప్పావుగంట పడుతుంది. తిండి గురించిన సమీక్షలో ఈ ఇంటి ప్రస్తావన ఎందుకని అనుకోవద్దు. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్ళో ఆయన మొట్టమొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు వెలివేసినంత పని చేసింది. వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు పని మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి తానే నీళ్ళు మోసుకొచ్చి వచ్చినవారికి వండిపెట్టారు. ఊరు తిరిగి ఊరి వంటల గొప్పతనం చెప్పుకునే మనకు, ఇదే ఊరు ఒకప్పుడు ఒక పెళ్ళి పంక్తికి వంట చేయనన్నదని, ఒక ఇల్లాలు ఒంటిచేత్తో ఆ పంక్తి నిలబెట్టారని గుర్తుండడం మంచిది. నా భార్య ఆ ఇంట్లో మిగతావన్నీ త్వరగా చూసి, పెరటి వైపు చాలాసేపు నిలబడింది.

మధ్యాహ్న భోజనానికి పెద్ద హోటళ్ళను వదిలి, ఆటో డ్రైవరు చెప్పిన చిన్న మెస్సుకు వెళ్ళాము. "ఆయ్, అక్కడైతే ఇంట్లో తిన్నట్టే ఉంటదండి, పన్నెండున్నరకల్లా వెళ్ళిపోండి మరి" అని అతను చెప్పిన మాట పట్టుకుని వెళ్ళడం మంచిదైంది, ఎందుకంటే ఒంటిగంటన్నరకు ఆవ పెట్టిన కంద బచ్చలి కూర అయిపోయింది. ఈ రెండు రోజులలో తిన్నవాటన్నిటిలోను నేను మొదటి స్థానం ఇచ్చేది ఈ కూరకే. కంద సరిగ్గా ఉడకకపోతే గొంతు దురదపెడుతుంది, మరీ ఉడికితే బచ్చలితో కలిసి జిగురు ముద్దవుతుంది. ఈ రెంటి మధ్య ఆపి, చింతపండు పులుపు పట్టించి, పొయ్యి మీది నుంచి దించి కాస్త చల్లారాక నూరిన ఆవ కలపాలి. వేడి మీదే కలిపితే ఆవకు చేదు వస్తుంది, ఘాటు పోతుంది. ఇక్కడి కూరలో కంద ముక్క నోట్లో పెట్టుకుంటే విడిపోయింది గాని ముద్ద కాలేదు, ఆవ ఘాటు నాలుకకు కాక ముక్కుకు ముందు తగిలింది. కార్తీకంలో కంద బచ్చలికి ఇళ్ళలో ఉండే మర్యాద తెలిసినవాళ్ళు వండిన కూర అది. దానితోపాటు ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, ఒక మజ్జిగ పులుసు పెట్టారు. మజ్జిగ పులుసు సాదాగానే ఉంది. పెరుగు కుండలో తోడు వేసినది కావడంతో గడ్డగా, పుల్లదనం తక్కువగా ఉంది. పనసపొట్టు కూర గురించి అడిగితే వడ్డించే పెద్దావిడ నవ్వి, "ఇప్పుడు పనస ఎక్కడిదమ్మా, మాఘం రానీండి" అన్నది. ఏడాది పొడుగునా పొట్టు దొరుకుతుందని చెప్పి శీతల గిడ్డంగి నుంచి తీసి వండిపెట్టే చోట్లు ఎక్కువవుతున్న రోజులలో, లేనిది లేదని చెప్పిన ఆ మాటకే నేను ఇంకో మార్కు వేశాను.

భోజనం తరువాత కోటగుమ్మం వైపు వెళ్ళి రోజ్ మిల్క్ తాగాము. రాజమండ్రి పేరు చెబితే దూరపు ఊళ్ళవాళ్ళకు కూడా మొదట గుర్తొచ్చే పానీయం ఇదే కాబట్టి, అంచనాలు ఎక్కువగా ఉంటాయి, నిరాశపడే ప్రమాదమూ ఎక్కువే. మాకు నిరాశ కలగలేదు. మరిగి చిక్కబడిన పాల రుచి ముందు వచ్చి, గులాబీ వాసన తరువాత వచ్చింది. ఇతర ఊళ్ళలో దీనికి తలకిందులుగా, సీసా సిరప్పు ముందు తగిలి, పాలు ఉన్నాయో లేవో తెలియదు. కోవా నలుసులు అక్కడక్కడా పంటి కింద పడడం నాకు నచ్చింది, నా భార్యకు నచ్చలేదు. ఇద్దరికీ కలిపి వంద రూపాయలు కూడా కాలేదు. ఎండవేళ నడిచి వెళ్ళి తాగవలసినది కనుక, సాయంత్రం చలిగాలిలో తాగి బాగోలేదని ఎవరూ తీర్పు చెప్పకూడదు.

గోదావరి గట్టుకు దగ్గరలోని దామెర్ల రామారావు చిత్రకళా మందిరం, నా దృష్టిలో, ఈ ఊరికి వచ్చినవారు తప్పక చూడవలసినది, ఎక్కువమంది చూడకుండా వెళ్ళిపోయేది. రామారావు 1897లో ఇక్కడే పుట్టి, ఆర్ట్సు కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్ళి చిత్రకళ చదువుకుని, తిరిగివచ్చి 1925లో మశూచితో మరణించారు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. 'పుష్పాలంకరణ', 'సిద్ధార్థ రాగోదయం' వంటి పెద్ద చిత్రాలలోని స్త్రీల నిలకడ, మెడవంపు చూస్తే అజంతా ఆయనకు ఎంత దగ్గరో తెలుస్తుంది, కాని ముఖాలు మాత్రం మన వీధులలోవే. ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నం ఈ చిత్రాలను కాపాడుకుంటూ రాకపోతే మనకు ఇవి మిగిలేవి కావు. మేము ఉన్న గంటసేపట్లో మాతోపాటు మరో నలుగురే వచ్చారు. సెలవు దినాలు, తెరిచే వేళలు ముందుగా కనుక్కుని వెళ్ళడం మంచిది. ప్రభుత్వ మ్యూజియానికి కూడా ఇదే వర్తిస్తుంది. మాకు అది మూసే సమయం కావడంతో చూడనే లేదు.

సాయంత్రం పడవ ఎక్కాము. అరగంట విహారమని చెప్పి ఇరవై నిమిషాలకే తిప్పుకొచ్చిన ఆ పడవవాళ్ళను నేను పేరు పెట్టి నిందించను గాని, రెండు సంగతులు చెప్పక తప్పదు. లైఫ్ జాకెట్లు అందరికీ ఇచ్చి తొడుక్కున్నాకే పడవ కదిపారు, అది మెచ్చుకోవలసిందే, అయితే నాకిచ్చినదాని బకిల్ పడలేదు, మార్చమంటే ముడి వేసుకోమన్నారు. రెండవది, నది నడుమకు చేరగానే పెద్ద చప్పుడుతో సినిమా పాటలు పెట్టారు. అఖండ గోదావరి మీద పొద్దు వాలుతుండగా, హేవలాక్ వంతెన రాతి స్తంభాల నీడలు నీటి మీద సాగుతుండగా ఎవరికైనా పాట కావాలనిపిస్తుందా? కట్టేయమని అడిగితే మిగతావారికి కావాలన్నారు. మిగతావారిని అడిగితే వాళ్ళకూ అక్కర్లేదని తేలింది. పాట ఆగిన ఆ అయిదు నిమిషాలలోనే నా భార్య తన రూపాయి బిళ్ళను నదిలో వదిలింది. దిగి పుష్కరఘాట్‌లో హారతి చూశాము. కార్తీకం కావడంతో మెట్లన్నీ జనంతో నిండిపోయాయి. హారతి కంటే దానికి ముందు, అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్న ఆడవాళ్ళ వరుసలు నన్ను ఎక్కువగా కట్టిపడేశాయి.

రాత్రి భోజనం దగ్గర పులస ప్రసంగం వచ్చింది. కార్తీకంలో నా భార్య నీచు ముట్టదు, నాకు ఆ నియమం లేదు. మేము కూర్చున్న హోటల్లో సర్వరు వచ్చి గొంతు తగ్గించి, పులస పులుసు ఉన్నదని చెప్పాడు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత తెలిసినవాళ్ళు ధర వినగానే సామెత ఎందుకు పుట్టిందో కూడా గ్రహిస్తారు. సముద్రంలో ఉన్నంతకాలం ఇలసగా, వలసగా పిలుచుకునే ఈ చేప, వరదకాలంలో గుడ్లు పెట్టడానికి ఎర్రనీటికి ఎదురీది గౌతమి, వశిష్ఠ పాయల్లోకి వచ్చాకే పులస అవుతుంది. ఆ ఎదురీతలోనే ఉప్పు వాసన పోయి, ఒంటికి కొవ్వు పట్టి, రుచి వస్తుందని ఇక్కడివారి లెక్క. అది ఆషాఢం నుంచి భాద్రపదం దాకా జరిగే వ్యవహారం. వరద తీసి, నీళ్ళు తేటపడిన కార్తీకంలో పులస ఎక్కడిదని అడిగితే, ఫ్రిజ్జులో దాచినదని ఒకసారి, ఈ రోజే పడిందని ఒకసారి సమాధానం వచ్చింది. ఈ రెంటిలో ఏది నిజమైనా తినదగినది కాదు. నిజమైన పులస వండే తీరు వేరు. మట్టిదాకలో, చింతపండు పులుసులో బెండకాయలు, వంకాయలు వేసి, సన్నసెగ మీద చాలాసేపు మరిగించి, ముందురోజు వండి మరునాడు తింటారు. పదిహేను నిమిషాలలో తెచ్చిస్తామన్నప్పుడే అసలు సంగతి తెలిసిపోయింది. బదులుగా కొరమీను పులుసు తెప్పించుకున్నాను. నిక్కచ్చిగా చెప్పాలంటే అది చాలా బాగుంది. ముక్క గట్టిగా ఉండి ముల్లు తక్కువగా ఉంది, పులుసు పైన నూనె తేలలేదు. మంచి కొరమీను వండగలిగినవాళ్ళు లేని పులస పేరు చెప్పి అమ్ముకోవడం ఎందుకో నాకు బోధపడలేదు.

రెండవరోజు నాలుగున్నరకే లేచి రేవుకు వెళ్ళాము. సాయంత్రపు రద్దీ లేదు. చన్నీళ్ళలో మునిగి వణుకుతున్నవాళ్ళు, గట్టు మీద గిన్నెలో పొగలు కక్కే టీ, నీటి మీద దూరంగా సాగిపోతున్న దీపాల చుక్కలు. టీ మామూలుగానే ఉంది, కాని ఆ గంటలో టీకి మార్కులు వేయకూడదు.

పొద్దెక్కాక ఒక ఆటో మాట్లాడుకుని ధవళేశ్వరం మీదుగా ఆత్రేయపురం బయలుదేరాము. ధవళేశ్వరం ఊరికి దక్షిణంగా కొద్ది కిలోమీటర్లే. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో, 1982 నాటికి నేటి బరాజు లేచింది. 175 గేట్లు, నాలుగు భాగాలు. కాటన్ మ్యూజియంలో పాత యంత్రాలు, పనిముట్లు, ఆనకట్ట నమూనాలు ఉన్నాయి. గోదావరి స్నానం చేసేవారు కాటన్‌ను భగీరథుడిగా తలచుకునే శ్లోకం ఒకటి ఈ ప్రాంతంలో వాడుకలో ఉందంటే, ఒక ఇంజనీరుకు ఇంతకంటే ఏం కావాలి? అయితే నాకు ఇక్కడ మ్యూజియం కంటే బరాజు మీది ప్రయాణమే నచ్చింది. ఒకవైపు సముద్రంలా నిండిన నీళ్ళు, మరోవైపు ఇసుక తిన్నెలు, పాయలుగా చీలిపోతున్న నది. ఈ ఊరి అన్నంలోని బియ్యం, నెయ్యి, అరటాకు అన్నీ ఈ గేట్ల అవతలి కాలువల నుంచి వచ్చినవేనని అక్కడ నిలబడితే వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

బొబ్బర్లంక దాటి కాలువగట్టు వెంట ఆత్రేయపురం చేరాము. ఇళ్ళ ముందే పొయ్యిలు. కుండను బోర్లా పెట్టి, కింద కొబ్బరాకులతో సన్నమంట వేసి, నానబెట్టి రుబ్బిన జయ రకం బియ్యపు పల్చని జావలో పాత బట్టముక్క ముంచి, ఆ కుండ మీద ఒక్కసారి ఇలా లాగితే, కన్నుమూసి తెరిచేలోగా రేకు లేచివస్తుంది. పూత పూసినట్టు తీసే రేకు కాబట్టి పూతరేకు. రేకు తీస్తున్న ఒకావిడను ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారని అడిగితే, "పెళ్ళయి వచ్చినకాడినుంచేనండి, మా అత్తగారు నేర్పారు" అన్నారు. నా భార్యను ప్రయత్నించమన్నారు. మొదటిది చిరిగింది, రెండవది మాడింది, మూడవది రేకులాగానే వచ్చిందని అందరూ దయతో ఒప్పుకున్నారు. పెళుసు రేకును తడిగుడ్డతో కొంచెం మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడి లేదా బెల్లం పొడి చల్లి, మడతపెట్టి ఇచ్చారు. 2023లో ఈ పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

రుచి గురించి నా మాట స్పష్టంగా చెబుతాను. ఇక్కడ, పొయ్యి పక్కన, మడిచిన వెంటనే తిన్న బెల్లం పూతరేకు వేరు, ఊళ్ళలో దుకాణాల్లో పెట్టెల్లో వచ్చేది వేరు. ఇక్కడిది నోట్లో పెట్టగానే కాగితంలా విరిగి, వెంటనే కరిగి, నేతి వాసనే మిగిలింది. పెట్టెలోది రెండు రోజులలో నెయ్యిని పీల్చుకుని పీచులా సాగుతుంది. జీడిపప్పు, బాదం, పిస్తా, చివరకు చాక్లెట్ కూడా కూరి అమ్ముతున్నారు. వ్యాపారం వాళ్ళది కనుక కాదనను. అయితే అంత పల్చని రేకులో అంత గట్టి పలుకులు కూరితే రేకు ఉందో లేదో నాలుకకు తెలియదు. సాదా నెయ్యి, బెల్లం అడిగి తీసుకోండి. మామిడితాండ్ర కూడా ఇక్కడ ప్రసిద్ధమే, కొన్నాము, పులుపు బాగుంది.

తిరుగుదారిలో కడియం నర్సరీలు పైపైన చూశాము. మొక్కలంటే ఇష్టమున్నవారు దానికే ఒక పూట కేటాయించుకోవాలి, లేకపోతే మాలాగ రెండు కనకాంబరం మొక్కలు కొని రైల్లో వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక అవస్థపడాలి. రోడ్డు పక్కన తేగలు కొత్తగా వస్తున్నాయి. కుండలో కాల్చిన వేడి తేగను చీల్చి, నార తీసి, లోపలి చందమామ అనే లేత మొలకను నాకిచ్చింది నా భార్య. ఏ జాబితాలోను ఎవరూ ఈ పేరు వ్రాయలేదు. డజను తేగలు కట్టించుకుని, వాటి మూలంగానే ఆ రాత్రి రైల్లో విడిగా భోజనం చేయలేదు.

మూడోరోజు ఇంట్లో పూతరేకుల పెట్టె తెరిచాము. సాదావి నాలుగు, డ్రైఫ్రూట్‌వి నాలుగు. సాదావి కొంచెం మెత్తబడ్డా తినదగినట్టే ఉన్నాయి. డ్రైఫ్రూట్‌వి పక్కింటి పిల్లలకు ఇచ్చేశాము, వాళ్ళకు చాలా నచ్చాయట.